పైమెట్టు మీద స్వామి

మా దియ ఆర్ట్ స్కూల్లో చేరినప్పటి నుంచి మా ఇంట్లో ఏ పండగా పండగలా జరగలేదు. ఆ ఏడాది దసరాకి బొమ్మల కొలువు తనే పెడతానంటే పొంగిపోయాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

పేరంటం వేళకి వచ్చి చూస్తే, పైమెట్టు మీద కాగితం గుజ్జుతో చేసిన బానపొట్ట పెద్దమనిషి. మెడ నిండా గొలుసులు, నల్ల కళ్ళద్దాలు, మాత్రల డబ్బాల సింహాసనం, చేతిలో పిస్తోలు. కింది మెట్ల మీద పట్టుచీరల ఆడవాళ్ళు వరసగా చెవులు మూసుకుని నిలబడ్డారు. అందులో ఒకావిడ అచ్చం నేనే. ముక్కు మాత్రం కావాలని పెద్దది చేసింది.

“ఏమిటే ఈ దరిద్రం?”

“సెటైర్, మమ్మీ. డ్రగ్స్ అమ్మేవాడు కింగ్, మనం అందరం సైలెంట్. నీరజ్ కోసం చేశాను. మీనా ఆంటీ చూడాలి.”

నీరజ్ మా వీధిలోనే ఉండే మీనా కొడుకు, దియ ఈడువాడు. వేసవిలో ఏదో పార్టీలో మత్తు మాత్రలు అమ్మేవాడు కాలిస్తే తొడలో తూటా దిగింది. మీనా కారు ప్రమాదమని చెప్పింది. అమెరికాలో మా ఊరు మోరిస్‌విల్ తెలుగువాళ్ళందరికీ నిజం తెలుసు, అయినా అందరూ కారునే తిట్టారు. పిల్లవాడు సిగ్గుతో గది దాటి రావడం లేదు. దియకి ఒళ్ళు మండింది అందుకే.

తీసెయ్యమని నేను అరుస్తుండగానే బెల్లు మోగింది. మీనా, వెనకాలే ఇండియా నుంచి వచ్చిన ఆవిడ అత్తగారు రాజేశ్వరమ్మగారు. పెద్దావిడ నేరుగా కొలువు దగ్గరకు వెళ్ళి, పైమెట్టు మీదాయనకు బొట్టు పెట్టి, హారతి పళ్ళెం అందుకున్నారు.

“కుబేరుడు ఎంత కళగా ఉన్నాడే తల్లీ!”

“మామ్మా, చేతిలో గన్ ఉంది కదా!” దియ గొంతు పీలగా వచ్చింది.

“దేవుడన్నాక చేతిలో ఆయుధం ఉండదటే?” అని ఆవిడ కళ్ళు మూసుకున్నారు. “స్వామీ, మా నీరజ్ కాలు బాగుచెయ్యి.”

నాకు నవ్వాగలేదు. మీనా మొహం చూశాక ఆగింది.

“వద్దత్తయ్యా,” అంటూ మీనా పళ్ళెం పట్టుకుంది. “వాడు దేవుడు కాదు. నీరజ్‌కి జరిగింది యాక్సిడెంటూ కాదు. ఇలాంటివాడే కాల్చాడు.”

రాజేశ్వరమ్మగారు కోడలి వైపు తేరిపార చూశారు.

“నాకెందుకు చెప్పలేదే?”

“మీరు తట్టుకోలేరని.”

“నా చేత వీడికి మొక్కించావు కదే! ఇది తట్టుకుంటాననుకున్నావా?”

కొలువు ముగిసిందనడానికి చివరి రోజు ఒక బొమ్మను పడుకోబెట్టడం ఆనవాయితీ. ఆవిడ మొదటి రోజే పెద్దమనిషిని మెడ పట్టుకుని బోర్లా పడేశారు.

“మామ్మా, ఇంకా ఎయిట్ డేస్ ఉంది!”

“పడుకోనీ వెధవని. నువ్వెళ్ళి మా వాణ్ణి తీసుకురా. ఇంక దాచేదేం లేదని చెప్పు.”

దియ చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది.