ఎర్ర వ్యోమగామి పెట్టె

పదవీ విరమణ అనంతరం నేను తగరపు మరమనుషులను, రాకెట్లను సేకరిస్తున్నాను. నా బాల్యంలో కీ ఇస్తే నడిచిన ఆ బొమ్మలనే, ఆ పాత నమూనాలతోనే, కంపెనీలు నేడు తిరిగి తయారు చేస్తున్నాయి. మా సేకర్తల సంఘానికి శిరోధార్యమైన నియమం ఒక్కటే: పెట్టె విప్పరాదు. విప్పనిది నిధి, విప్పినది కేవలం ఆటవస్తువు.

సంఘాధ్యక్ష పదవికి నేనూ, నా తోడల్లుడూ పోటీపడ్డాము. ఇద్దరి వద్దా విప్పని పెట్టెలో ఎర్ర వ్యోమగామి బొమ్మ ఉంది. ఒకరి పెట్టెను మరొకరు పరీక్షించాలి. రెండూ నిక్కమైనవని తేలితే పదవి వయసులో పెద్దవాడికి, అనగా నాకు. నిన్న ఆయన పెట్టెను చెవి వద్ద ఊపి, దోషరహితమని ధ్రువీకరించాను. నేడు మా ఇంట్లో ఆయన వంతు.

తోడల్లుడు చేతితొడుగులు ధరించి, భూతద్దంతో పైమూత సీలును పరిశీలించి, పెట్టెను సుతారంగా ఊపాడు.

"ఆహా! విన్నావా అన్నయ్యా? అది స్ప్రింగు పలుకు. సందేహమే లేదు, అసలు సరుకు!"

ఆ క్షణంలోనే వంటగదిలోంచి కిర్రుకిర్రుమంటూ ఎర్ర వ్యోమగామి నడిచివచ్చి, ఆయన బూటును ఢీకొన్నాడు. వెనుకనే నా భార్య.

"అయ్యో, కీ ఎక్కువిచ్చినట్టున్నా! పొయ్యి దగ్గర్నుంచి తలుపు దాకా వీడు నడిచేసరికి టీ సరిగ్గా మరుగుతుంది."

తోడల్లుడు చేతిలోని పెట్టెను మళ్లీ ఊపి చూశాడు.

"మరి పెట్టెలో ఏముంది వదినా?"

"విరిగిన గరిటె, పాత తాళంచెవులు. అడుగు విప్పి, మళ్లీ పిండి జిగురుతో అంటించా. ఈయన పైమూత తప్ప ఏనాడైనా చూశారా?"

తోడల్లుడు పొట్ట చేతబట్టుకుని నవ్వాడు. "అయిపోయావు అన్నయ్యా! కుర్చీ నాదే!"

"ఎక్కువ నవ్వకండి మరిదిగారూ. ఈ చిట్కా నాకు నేర్పింది మా చెల్లెలే."

తోడల్లుడి నవ్వు ఆగింది.

"అయితే నిన్న నేను విన్నది?" అన్నాను.

"చెంచాలు," అన్నది నా భార్య. "దొందూ దొందే! టీ చల్లారిపోతోంది, రండి."

బూటు వద్ద వ్యోమగామి ఇంకా కాళ్లాడిస్తూ, క్రమంగా ఆగిపోయాడు. తోడల్లుడు మెల్లగా నేలమీద కూర్చుని కీ వైపు చేయి చాచాడు. మోకాళ్లు మొరపెట్టుకుంటున్నా నేనూ కూర్చుని, ఆ చేతిని మర్యాదగా పక్కకు నెట్టాను.

"పదవి సంగతి తర్వాత చూద్దాం. వయసులో పెద్దవాణ్ణి, ముందు వంతు నాది."