మూడో సొరుగులో సముద్రం

వాణిజ్య శాఖలో ప్రతులు సరిచూసే గుమాస్తా పొద్దున్నే రాగానే కళ్లజోడు తుడుచుకుని, బల్ల మూడో సొరుగు లాగుతాడు. అందులో జానెడు లోతు సముద్రం, ఒకటో రెండో చేపలు. వాటిని సంచిలో వేసి గేటు దగ్గర కాపలా ఉండే చెల్లెలి మొగుడికి ఇస్తాడు. తను మాత్రం ముట్టడు.

"మెల్లగా లాగండి సార్, అలలకి నా కాగితాలు తడుస్తున్నాయి" అని పక్క బల్ల టైపిస్టమ్మ విసుక్కుంటుంది. ఆ బల్ల మంచి టేకుది. ఇప్పటి రేకు బల్లలైతే ఎప్పుడో తుప్పు పట్టేవి. సరే, అసలు సంగతికొద్దాం.

పెద్ద దేశంతో ఏ ఒప్పందం జరిగినా వాళ్ల ప్రతినీ మన ప్రతినీ పక్కపక్కన పెట్టి, వేలు ఆనించి చదివి, పేజీ పేజీకీ పొట్టి సంతకం చెయ్యడం అతని పని. అది లేనిదే మంత్రిగారు సంతకం పెట్టరు. ఐదేళ్ల కిందట చేపల ఒప్పందంలో వాళ్ల ప్రతి ఆఖరి నిమిషంలో వచ్చింది. వాళ్ల ఓడలు తీరానికి పన్నెండు మైళ్ల అవతలే ఆగాలని మన ప్రతిలో ఉంది. వాళ్ల దాంట్లో రెండు మైళ్లు. వేలు ఆగింది. మంత్రిగారు కలం మూత తీసేశారు, రాయబారి గడియారం చూసుకుంటున్నాడు. గుమాస్తా పొట్టి సంతకం గీకేశాడు. మర్నాడే సొరుగులోకి నీళ్లొచ్చాయి.

ఆర్నెల్లకి రేవులో చేప కరువైంది. చేపలు పట్టి బతికే ఆ చెల్లెలి మొగుడు, బావ, తన పడవ అమ్ముకుంటే, గుమాస్తాయే వాళ్లనీ వీళ్లనీ బతిమాలి ఈ కాపలా పని వేయించాడు. "నువ్వు లేకపోతే ఏమైపోయేవాళ్లం అన్నయ్యా" అని చెల్లెలు అన్నప్పుడల్లా అతను కంచంలో చెయ్యి కడిగేసుకునేవాడు.

మొన్నామధ్య గడువు తీరి, ఒప్పందం మళ్లీ సంతకాలకొచ్చింది. మన ప్రతిలో పన్నెండు, వాళ్ల దాంట్లో రెండు, అవే అంకెలు.

ఆ రోజు చేపల సంచి కిందికి రాకపోయేసరికి బావే పైకొచ్చాడు. "ఏం బావా, ఇవాళ నీ సొరుగుకీ సెలవా?"

గుమాస్తా సొరుగు లాగాడు. నీళ్లు లేవు. తడి ఇసుక మీద అరచేతంత నీలం పడవ, ఒరిగి ఉంది. బావ అమ్ముకున్నదే.

బావ ఇసుకలో వేలు అద్ది నాలిక మీద పెట్టుకున్నాడు. "మొదటి రోజే తెలిసింది. మా రేవు ఉప్పు నాకు తెలీదా?"

"మరి అడగలేదేం?"

"నువ్వే చెప్తావని చూశా. ఇన్నేళ్లూ చూశా."

పడవని జేబులో వేసుకుని మెట్లు దిగిపోయాడు.

సంతకాల గదిలో వేలు మళ్లీ అక్కడే ఆగింది. మంత్రిగారు కలం మూత తీశారు.

"ఆగండి," అన్నాడు గుమాస్తా. "ఈ అంకె తప్పు. అప్పుడూ తప్పే. చూసి కూడా సంతకం పెట్టింది నేనే."

బావ నీళ్లలో వదలగానే పడవ తన కొలతకి పెరిగిందట. ఓడలు పన్నెండు మైళ్ల అవతలికి జరిగాయి. గేటు దగ్గర బావ వదిలేసిన స్టూలు మీద ఇప్పుడు గుమాస్తా కూర్చుంటున్నాడు. వారానికోసారి బావ వచ్చి ఒక చేప ఒళ్లో పెట్టి పోతాడు. గుమాస్తా దాన్ని ఇంటికి తీసుకెళ్లి తింటాడు, ముళ్లు ఒక్కొక్కటే ఏరుకుంటూ.