ఒక్క ఆటా ఆడని యంత్రం

నేను ఒక పిన్‌బాల్ యంత్రాన్ని. మీలో చాలామంది నన్ను చూసి ఉండరు కాబట్టి ముందు నా రూపం చెప్తాను. నాలుగు కాళ్ళ మీద నిలబెట్టిన వాలు బల్ల, దాని మీద అద్దం, అద్దం కింద రంగురంగుల దీపాలు, గంటలు, వంపు దారులు. ఒక ఉక్కు గోళీ పైకి దూసుకెళ్ళి వాటన్నిటినీ తాకుతూ కిందికి దొర్లుతుంది. కింద రెండు రెక్కలుంటాయి. పక్కనున్న మీటలు నొక్కి ఆ రెక్కలతో గోళీని మళ్ళీ పైకి కొట్టాలి. కొట్టలేకపోతే అది మధ్య సందులోంచి జారిపోతుంది, ఆట అయిపోతుంది. ఇంతే నా విద్య. ఆడటానికి పుట్టి, ఆడనివ్వని మనిషి ఇంట్లో పడ్డాను. ఆ కోపంతోనే ఈ కథ చెప్తున్నాను. ఇందులో న్యాయం, ధర్మం వెతక్కండి.

సముద్రాల అవతల ఒక కర్మాగారంలో తయారయ్యాను. నాలాంటివాటిని కొన్నిటినే చేసి, ఇక చెయ్యబోమని చెప్పి, నా నుదుటి మీద ఒక ఇత్తడి పలక బిగించారు. తక్కువ ఉన్నదానికి ఎక్కువ విలువ కట్టడం మనుషుల అలవాటు. ఎందుకు తక్కువ ఉందని మాత్రం అడగరు. పెట్టెలో పెట్టేముందు ఒకావిడ నన్ను కాసేపు ఆడి చూసింది. అదొక్కటే సుఖం. తర్వాత చీకటి, ఓడ, చెన్నై రేవు, లారీ, చివరికి బెజవాడ.

నన్ను తెప్పించుకున్నవాడి పేరు గోగినేని ధనుంజయ. ఆటోనగర్‌లో పాత కార్ల వ్యాపారం. అందమైన మాటకారి. "కారు షోరూం గేటు దాటిందంటే చాలు, పెద్ద నోటు రాలిపోయినట్టే" అనడం ఆయనకు ఊతపదం. విలువ తరిగిపోని వస్తువు కోసం వెతికి వెతికి చివరికి మమ్మల్ని కనిపెట్టాడు. నాకు ముందు రెండు యంత్రాలు తెప్పించి, పెట్టెలైనా విప్పకుండా కొన్నదానికంటే ఎక్కువకి అమ్మాడట. నన్ను మాత్రం పెట్టె విప్పించాడు. ఇంటికొచ్చినవాళ్ళకి చూపించుకోవాలిగా.

నన్ను నిలబెట్టిన హాల్లో ఆ ఉదయం వరకూ ఒక టేబుల్ టెన్నిస్ బల్ల ఉండేది. అది ఆయన భార్య హైమవతిది. పెళ్ళికి ముందు రాష్ట్రం తరఫున ఆడిన మనిషి. పటమట వీధుల్లోని ఆడపిల్లలకి సాయంత్రాలు అదే బల్ల మీద ఆట నేర్పేది. కూరగాయలకు వెళ్ళి వచ్చేసరికి బల్ల స్థానంలో నేనున్నాను.

"బల్ల ఏదండీ?" అంది, సంచీ ఇంకా చేతిలోనే ఉంది.

"ఇచ్చేశాను. మంచి బేరం తగిలింది."

"సాయంత్రం పిల్లలొస్తారు."

"రావద్దని చెప్పు. ఇంకెన్నాళ్ళు హైమా ఈ గోల? నలభై దాటిన ఆటగత్తెకీ, లక్ష కిలోమీటర్లు తిరిగిన బండికీ రీసేల్ ఉండదు. నేను కొత్తగా చెప్పేదేముంది?"

నవ్వుతూనే అన్నాడు. నన్ను మోసుకొచ్చిన మనుషులు కూడా నవ్వారు. హైమ లోపలికి వెళ్ళి, ఆ నవ్వినవాళ్ళకే చల్లటి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. సాయంత్రం పిల్లల్ని గేటు దగ్గరే నిలబెట్టి పంపేసింది. "రేపు రావాలా మేడం?" అని ఒక పిల్ల అడిగింది. "నేను కబురు పెడతానమ్మా" అంది. ఆ గొంతులో వణుకు లేదు. అప్పుడే నాకు భయమేసింది. ఏడ్చేసి ఉంటే అక్కడితో పోయేది.

ధనుంజయ నన్ను ఒక్కసారి వెలిగించి చూసుకుని, ప్లగ్గు పీకేసి, ముదురు ఎరుపు మఖమల్ గుడ్డ కప్పాడు. అతిథులొస్తే గుడ్డ తీసేవాడు. ఒకరోజు భోజనానికి పిలిచిన స్నేహితులకి నా గొప్ప చెప్తూ, "కొత్తదానికీ ఆడినదానికీ ధరలో సగానికి సగం తేడా. గోళీ ఎగిరి పడ్డచోటల్లా చెక్క మీద సన్నటి గుంట పడుతుంది. పైనుంచి కనపడదు. అద్దం తీసి లైటు అడ్డంగా వేస్తే మాత్రం మశూచి మొహంలా బయటపడుతుంది. తెలిసినవాడు ఇట్టే పట్టేస్తాడు" అన్నాడు. హైమ వడ్డిస్తోంది. చారు గరిట క్షణం పాటు గాల్లో ఆగింది. ఎవరూ గమనించలేదు, నేను తప్ప.

మర్నాడు ఆయన ఆటోనగర్ వెళ్ళగానే ఆమె గుడ్డ తీసింది. మడతలు ఎటు పడ్డాయో చూసుకుని మరీ తీసింది. ప్లగ్గు పెట్టింది. ఆ మొదటి రోజుల్లో ఆమె ఆడింది ఆట కాదు, కక్ష. గోళీ ఎక్కడికి పోతుందో చూడకుండా బాదేది. నన్ను రెండు చేతులా పట్టుకుని కుదిపేది. గోళీ పైకెగిరి దబ్బున పడినప్పుడల్లా, "ఇదిగో తీసుకో" అని పళ్ళ మధ్య నుంచి అనేది. ఆ మాట నాతో కాదని నాకు తెలుసు. నా ఒళ్ళు గుంటలు పడుతోంది. నిజం చెప్పనా? హాయిగా ఉంది.

కానీ చేతులకి జ్ఞాపకశక్తి ఉంటుంది. కొద్ది వారాల్లో ఆ మణికట్లు వాటి పాత పని గుర్తు తెచ్చుకున్నాయి. గోళీని రెక్క మీద ఆపి, ఊపిరి బిగబట్టి, గురి చూసి, మిల్లీమీటరు తేడా లేకుండా వంపు దారిలోకి పంపేది. నా దీపాలన్నీ ఒక్కసారి వెలిగితే గట్టిగా నవ్వేది. ఆ ఇంట్లో ఆమె నవ్వు అంతకుముందు ఎవరూ వినలేదనుకుంటాను. ఆట అయ్యాక నెమ్మదిగా గుడ్డ కప్పి, అదే మడత పెట్టి, వంటింట్లోకి వెళ్ళిపోయేది. సాయంత్రం ధనుంజయ వచ్చి, గుడ్డ ఎత్తి అద్దంలోంచి చూసుకుని మురిసిపోయేవాడు. అద్దం తీసే ధైర్యం ఆయనకి లేదు. వేలిముద్ర పడినా విలువ పోతుందని భయం.

ఏడాది తిరిగేసరికి నన్ను చేసినవాళ్ళే మాట తప్పారు. అదే ఆటని ఇంకా హంగులు చేర్చి, ఇంకా చౌకగా మళ్ళీ విడుదల చేశారు. ధనుంజయ ఫోనులో ఎవరినో తిట్టాడు, తర్వాత బతిమాలాడు. నా ధర రోజురోజుకీ దిగిపోతోందట. ఇంకా దిగకముందే వదిలించుకోవాలి. సికింద్రాబాద్‌లో రుస్తుంజీ అనే ముసలి పార్సీ పెద్దమనిషి ఉన్నాడు. ఇలాంటి యంత్రాలు ఇల్లంతా నింపుకున్నవాడు. ఒక్క ఆట కూడా ఆడనిదైతే పాత ధరే ఇస్తానన్నాడు. ధనుంజయ దేవుడి మీద ఒట్టేసినంత పని చేశాడు. అంతటితో ఆగక, తన తెలివి నలుగురూ చూడాలని ఆటోనగర్ వ్యాపారుల్ని కూడా ఆ ఆదివారం భోజనానికి పిలిచాడు.

రుస్తుంజీ చేతికర్రతో వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. తనే అద్దం జరిపి, ఫోను లైటు వేసి, నా చెక్కకి చెంప ఆనించినట్టు వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ధనుంజయ గారూ, మీ మాట మీద అంత దూరంకెళ్ళి వచ్చిన. ఇది ఆడని మెషిన్ కాదు."

"అదేంటండీ! ఫ్యాక్టరీ లోపం అయ్యుంటుంది."

"లోపం కాదు. మస్తుగ ఆడిన్రు. చేయి తెలిసినోళ్ళు ఆడిన్రు. ఈ దారి కాడ చూడుండ్రి, అన్ని దెబ్బలు ఒక్క తాననే పడ్డయి. గురి చూసి కొట్టిన్రు."

"నేనేనండీ ఆడింది" అంది హైమ. వంటింటి గుమ్మంలో ఉలవచారు గిన్నెతో నిలబడి ఉంది. "రోజూ ఆడాను. ఈయన బయటికి వెళ్ళిన ప్రతిరోజూ."

ఒక వ్యాపారి పక్కున నవ్వి, "ఏం ధనుంజయా, మొన్న నాకంటగట్టిన కారు కూడా డాక్టరు గారి చేతి మీదే నడిచిందన్నావ్! దానికి కూడా లైటేసి చూసుకోవాలా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వబోయాడు, రాలేదు. పాత కార్లు అమ్మేవాడికి సరుకు కార్లు కాదు, మాట. ఆ మధ్యాహ్నం అందరి కళ్ళ ముందూ దాని ధర పడిపోయింది.

అందరూ వెళ్ళాక అడిగాడు. "ఎందుకు చేశావిలా?"

"మీరు నా బల్ల అమ్మారు."

"దానికీ దీనికీ పోలికా? అది చెక్క ముక్క!"

"ఇదీ చెక్కేగా. అందుకేగా గుంటలు పడ్డాయి."

ఆయన విసురుగా గదిలోకి పోయాడు. హైమ నా దగ్గరికి వచ్చి అద్దం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. అది గెలిచిన మొహం కాదు. ఇన్నాళ్ళూ సాధించాలనుకున్నది అయిపోయింది. రేపటి నుంచి ఏం చెయ్యాలో తోచనట్టు, గోళీ ఆగే చోటుని వేలితో అద్దం పైనుంచే నిమురుతూ ఉండిపోయింది. తలుపు సందులోంచి ధనుంజయ అది చూశాడు. ఆమెకి ఇప్పుడు ఏది ప్రియమో ఆయనకి తెలిసిపోయింది.

రుస్తుంజీ మర్నాడు ఫోను చేసి, ఆడుకోవడానికైతే సగం ధరకి తీసుకుంటానన్నాడు. మంచి బేరం. ధనుంజయ వద్దన్నాడు. హైమ స్నానానికి వెళ్ళిన సమయం చూసి నన్ను ట్రాలీ ఆటో ఎక్కించి, ఆటోనగర్‌లోని తుక్కు కొట్టుకి తూకానికి ఇచ్చేశాడు. పుట్టాక మొదటిసారి ఆ మనిషి నష్టానికి అమ్మాడు. కక్ష ముందు లాభం ఏపాటిదో ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

తుక్కు కొట్టు మస్తాన్‌ది. చుట్టూ కార్ల డొక్కలు, విరిగిన తలుపులు. నా కడుపులోని రాగి తీగ కోసం మస్తాన్ సుత్తి అందుకున్నాడు. అప్పుడే ఒక ఆటో వచ్చి ఆగింది. ట్రాలీ ఎటు వెళ్ళిందో వీధిలో అడుగుతూ వచ్చిన హైమ దిగింది. తడి జుట్టు అలాగే ముడి వేసుకుని ఉంది.

"ఆగు మస్తానూ. దీన్ని నాకియ్యి."

"తీసుకోండమ్మా, మీ ఇంటి సరుకేగా. నేనిచ్చిందానికి చాయ్ ఖర్చు కలిపి ఇవ్వండి చాలు. ఇంటికి దింపించమంటారా?"

ఆమె చుట్టూ చూసింది. తుక్కు కొట్టు పక్కన రేకుల పందిట్లో టీ బడ్డీ. రోడ్డుకి అవతల వైపు ధనుంజయ పాత కార్ల షెడ్డు.

"వద్దు. ఆ రేకుల కింద పెట్టించు. కరెంటు బిల్లు నేనిస్తాను. ఎవరొచ్చినా ఆడుకోనివ్వండి, డబ్బులడక్కండి."

మస్తాన్ ఒకసారి రోడ్డుకి అవతల చూశాడు, ఒకసారి ఆమెని చూశాడు. నవ్వు ఆపుకోవడానికి మీసం దువ్వుకున్నాడు.

అప్పటినుంచి నాకు తీరిక లేదు. గ్రీజు చేతులతో మెకానిక్కులు ఆడతారు, పెయింటర్లు ఆడతారు, లోడు దించిన లారీ డ్రైవర్లు ఆడతారు. నా గంటలు ఆటోనగర్ సుత్తి దెబ్బలని మించి మోగుతాయి. ధనుంజయ దగ్గరికి కారు చూడ్డానికొచ్చినవాళ్ళు, "ఏంటండీ ఆ చప్పుడు?" అని అడుగుతారు. ఆయన చెప్పడు. వాళ్ళు టీకి ఇటొస్తారు. టీ బడ్డీ ఆయన పూసగుచ్చినట్టు చెప్తాడు. చాలామంది మళ్ళీ ఆ షెడ్డులోకి వెళ్ళరు. హైమ ఇప్పుడు పిల్లలకి ఒక కమ్యూనిటీ హాల్లో ఆట నేర్పుతోంది. అక్కడికి వెళ్ళేముందు నా దగ్గర ఆగుతుంది. ఆమె వస్తే మెకానిక్కులు చేతులు తుడుచుకుని జరిగి చోటిస్తారు.

నిన్న మధ్యాహ్నం ఆమె ఆడుతుండగా ధనుంజయ రోడ్డు దాటి వచ్చాడు. నలిగిపోయాడు మనిషి. టీ గ్లాసులు ఎక్కడివక్కడ ఆగాయి.

"హైమా, దీన్ని నాకిచ్చెయ్. ఎంతకిస్తావ్?"

ఆమె తల తిప్పలేదు. కళ్ళు గోళీ మీదే ఉన్నాయి.

"కొత్తదానికి ఎంత పోశానో అంతా ఇస్తాను."

నా దీపాలు వరసగా వెలుగుతున్నాయి.

"సరే, అంతకంటే ఎక్కువే ఇస్తాను! ఈ మోత ఆగితే చాలు. ఎంత కావాలో నువ్వే చెప్పు."

నాతోపాటు పుట్టిన యంత్రాలు ఏ దేశంలో, ఏ పెట్టెలో, ఏ గుడ్డ కింద విలువ తరిగిపోతూ పడున్నాయో తెలీదు. ధరలు పడిపోయాక కూడా కొత్త ధరని మించి పలికినదాన్ని నేనొక్కదాన్నేనేమో. అదీ ఒళ్ళంతా గుంటలతో, తుక్కు కొట్టు పక్కన.

"ఆట మధ్యలో ఉన్నానండీ" అంది హైమ. "గోళీ పడ్డాక మాట్లాడదాం."

ఆయన కర్చీఫుతో మెడ తుడుచుకుని, గోళీ వైపు చూస్తూ ఎండలో నిలబడ్డాడు. ఆమె పడనివ్వలేదు. ఒక్కసారి మాత్రం అది చెయ్యి తప్పి మధ్య సందు అంచుదాకా దొర్లింది. అప్పుడు నేను పడనివ్వలేదు.