వంకీల టోపీ కింద

మూడో టోపీ ఎక్కేసరికి తలమ్మ మెడ ఎప్పటిలాగే ఆమెది కాకుండా పోయింది. ఇంకో అరగంటసేపు అది కంపెనీది. వెనక నిలబడ్డ దువ్వెనక్క తడిజుట్టును వేలెడు వెడల్పు పాయలుగా తీసి, ఒక్కొక్క పాయనూ టోపీ లోపలి రబ్బరు గట్ల మధ్యకు దువ్వెన తోకతో నెడుతోంది. పాయ గట్టెక్కి, గాడిలోకి దిగి, మళ్ళీ గట్టెక్కి, అలా పన్నెండు గట్లు దాటి చెవి వెనక తేలుతుంది. మొత్తం పద్దెనిమిది పాయలు. అవన్నీ కుదిరాక పైడొప్ప మూసి గడ్డం కింద పట్టీ బిగిస్తే ‘టిక్’మంటుంది. గోడమీది మీట నొక్కితే టోపీలోని సన్నతీగలు మెల్లగా వేడెక్కుతాయి.

టిక్కుమన్న తరువాత ఆవలించకూడదు, దగ్గకూడదు, నవ్వకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా తల ఊపకూడదు. తల ఒక్కసారి ఊగిందంటే పాయలు గట్లమీద జారి వంకీలు చెదిరిపోతాయి. అప్పుడు ఆ పూట తయారైన టోపీలన్నీ మంచివో కావో తేల్చలేక, వంకీలు కొలిచి పుస్తకంలో రాసే కొలతాయన తల పట్టుకుంటాడు. ఆయన మాత్రం తన తలను ఎన్నిసార్లయినా ఊపుకోవచ్చు, అడిగేవాడు లేడు.

కంపెనీ అచ్చువేసిన కాగితాల మీద ‘మీ కురులలో అలలు’ అని ఉంటుంది. పనివాళ్ళు వాటిని వంకీలనే అంటారు. నెత్తిన పెట్టుకుని ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూ పని చేసుకోవచ్చనీ, టోపీ తీసేసరికి జుట్టు వంకీలు తిరిగి ఉంటుందనీ ఆ కాగితంలో రాసి ఉంది. కొనుక్కున్నవాళ్ళు తిరుగుతారేమో. పరీక్ష చేయించుకునే మనిషి మాత్రం కుర్చీలో కొయ్యబొమ్మలా కూర్చోవాలి.

పంతొమ్మిదేళ్ళ కిందట ఈ కుర్చీకి మనిషి కావాలని పిలిస్తే ముప్ఫైమంది ఆడవాళ్ళు వరస కట్టారు. యజమాని అందరి జుట్టూ పట్టి చూసి, చిట్టచివర నిలబడ్డ ఆమె దగ్గర ఆగిపోయాడు. చీపురుపుల్లల్లాంటి జుట్టు. చిన్నప్పుడు బడిలో ఆ జుట్టును వెక్కిరించని పిల్ల లేదు. “దీనిమీద వంకీ నిలిస్తే లోకంలో ఎవరి జుట్టుమీదైనా నిలుస్తుంది,” అన్నాడు యజమాని. ఆ రోజునుంచి ఆమె తల కంపెనీకి కొలబద్ద అయింది. ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది. అది హాజరుపట్టీలో తప్ప ఎక్కడా కనబడదు. గేటు దగ్గర కాపలావాడి నుంచి యజమాని దాకా అందరికీ ఆమె తలమ్మే.

ఆ తలకు నూనె రాయకూడదు, రంగు వేయకూడదు, జుట్టు కొసలు కత్తిరించకూడదు. నలభై దాటాక చెంపల దగ్గర తెల్లవెంట్రుకలు వచ్చాయి. ఉద్యోగం పోతుందని ఆమె వారంరోజులు కంటిమీద కునుకు లేకుండా గడిపింది. యజమాని చూసి, “మంచిదే, తెల్లజుట్టుమీద ఎలా పడతాయో కూడా తెలుస్తుంది,” అన్నాడు. ఇంత చేసినా సాయంత్రం ఇల్లు చేరేసరికి వంకీలన్నీ కరిగిపోయి జుట్టు మళ్ళీ చీపురుకట్ట అయి కూర్చుంటుంది. మొండితనమంతా జుట్టుకే పోయింది, మనిషికి మిగల్లేదు అంటుంది వదిన. వదిన నిజం చెప్పడం అరుదు గానీ ఇది మాత్రం నిజమే.

చిన్నప్పుడు తలమ్మ ఎవరేమన్నా గంగిరెద్దులా తల ఊపేది. ఈ కుర్చీలో కూర్చున్న రెండేళ్ళకే ఆ అలవాటు పోయింది. టోపీ తీసేసినా మెడ టోపీ ఉన్నట్టే ఉండేది. నెత్తిన నిండుబిందె పెట్టుకున్నట్టు నడిచేది. వెనకనుంచి పిలిస్తే తల తిప్పకుండా మనిషి మొత్తం తిరిగేది. తెలియనివాళ్ళు పొగరనుకున్నారు. తెలిసినవాళ్ళకు అది భలే కలిసొచ్చింది. మౌనం అర్ధాంగీకారమంటారు. అన్నయ్య ఇంట్లో ఆ మిగిలిన సగం కూడా వాళ్ళే కలిపేసుకున్నారు.

“పిల్లలు పెద్దవాళ్ళవుతున్నారు, నీ గది వాళ్ళకిచ్చేద్దామా?” అని అన్నయ్య అడిగాడొకసారి. తల ఊగలేదు. ఆ సాయంత్రమే ఆమె మంచం నడవలోకి వచ్చింది. అంతకుముందు, ఆమెకు ముప్ఫైఅయిదు దాటుతుండగా, తాళాలు బాగుచేసే ఒకాయన తరఫునుంచి సంబంధం వచ్చింది. మనిషి నెమ్మదస్తుడు. రెండుసార్లు వచ్చి కూర్చుని, రెండుసార్లూ ఆమెకేసి చూసి నవ్వాడు. “మనకెందుకులే, వద్దని చెప్పేద్దామా?” అంది వదిన. అప్పుడూ తల ఊగలేదు. వద్దని చెప్పేశారు. ఆయన నవ్వు ఆమెకు ఇప్పటికీ గుర్తుంది.

ఈ లోకంలో ఆమె ఊరుకుంటే దాన్ని అవునని అనుకోని మనిషి ఒక్క దువ్వెనక్కే. మొదటిరోజే చెప్పేసింది. “ఇదిగో పిల్లా, వేడి పెంచనా అని అడుగుతా. నువ్వు అవునంటేనే పెంచుతా. ఊరుకున్నావంటే వద్దన్నట్టే. కాలిపోతున్నా నోరు విప్పనివాళ్ళని చాలామందిని చూశాను నేను.” టోపీలో నోరు విప్పడానికి ఎలాగూ కుదరదు కాబట్టి కుర్చీచేతిమీద వేలితో తట్టడం నేర్పింది. ఒకసారి తడితే వేడి చాలలేదని, రెండుసార్లు తడితే ఎక్కువైందని. వేడికి కళ్ళవెంట నీళ్ళు కారితే తువ్వాలు కొసతో ఒత్తేది. పంతొమ్మిదేళ్ళలో ఆ కుర్చీలో ఆ తలను ఆ చేతులు తప్ప వేరే ఎవరి చేతులూ దువ్వలేదు. తలనొప్పి వచ్చేది తలమ్మకే అయినా, అది వస్తున్న సంగతి ముందు దువ్వెనక్క వేళ్ళకు తెలిసేది.

ఆ వేళ్ళకే ఇప్పుడు తిమ్మిర్లు పట్టుకున్నాయి. మణికట్టు వాచిపోయింది. దువ్వెన రోజుకు నాలుగుసార్లు జారిపడుతోంది. ఇంక చేయలేనని దువ్వెనక్క కంపెనీకి చెప్పేసింది. ఈ రోజుతో ఆఖరు. సముద్రం ఒడ్డున చిన్న ఊళ్ళో ఆమెకు రెండు గదుల ఇల్లుంది. నాలుగు గంటల బస్సుకు బయలుదేరుతుంది.

“నువ్వూ వచ్చెయ్యవే,” అంది వారం కిందట, పాయలు తీస్తూ తీస్తూ. “ముందుగదిలో ఒక కుర్చీ వేసుకుందాం. ఊళ్ళో ఆడవాళ్ళకి తలలు దువ్వుదాం, నేను చెప్తా, నువ్వు చెయ్యి. వెనకగదిలో పడుకుందాం. పంతొమ్మిదేళ్ళనుంచి నీ నెత్తిన అలలు పోస్తున్నా గదా, అసలు అల ఒక్కటైనా చూశావా నువ్వు?”

చూడలేదు. ఆ మాట విన్న రాత్రినుంచి తలమ్మకు నడవలో మంచంమీద నిద్ర పట్టడం మానేసింది. యాభైరెండేళ్ళ మనిషికి ఇంత ఆశ పుట్టుకొస్తుందని ఆమెకే తెలియదు. వారమంతా అవుననే మాట నోట్లో పట్టుకుని తిరిగింది. చెబుదామనుకున్న ప్రతిసారీ టోపీ నెత్తిన ఉండేది, లేనప్పుడు కొలతాయన పక్కన ఉండేవాడు. అలాగని ఊరికే కూర్చోలేదు. ఈ రోజు పొద్దున్నే లేచి నాలుగు జతల బట్టలు సంచీలో సర్దుకుంది. జీవితంలో ఎవరినీ అడక్కుండా ఆమె చేసిన మొదటి పని అది.

గుమ్మం దగ్గర వదిన చూడనే చూసింది. “ఆ సంచీ ఏంటి? చాకిరేవుకా?”

తల ఊగలేదు.

“బాగానే గుర్తొచ్చింది. ఉండు, మా దుప్పట్లు కూడా పడేస్తా,” అని వదిన లోపలికెళ్ళి మూడు మాసిన దుప్పట్లు తెచ్చి, ఆ నాలుగు జతల మీద కుక్కి, మోకాలితో అదిమి మూతి కట్టింది. ఇప్పుడా సంచీ పక్కగదిలో తువ్వాళ్ళ బీరువా వెనక ఉంది. ఆమె కొత్త బతుకంతా అన్నయ్యగారి దుప్పట్ల కింద నలుగుతోంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర చెబుదామనుకుంది. దువ్వెనక్క చుట్టూ జనం చేరారు. కుట్టుమిషన్లవాళ్ళు, ప్యాకింగువాళ్ళు, ఆఖరికి ఎవరితోనూ మాట్లాడని తీగల మేస్త్రీ కూడా వచ్చి, “నువ్వు పోతే ఇక్కడ మమ్మల్ని తిట్టేదెవరు?” అన్నాడు. దువ్వెనక్క నవ్వుతూనే రెండుమూడుసార్లు గుంపు మధ్యనుంచి ఇటు చూసింది. తలమ్మ అన్నం ముద్ద చేతిలో పట్టుకుని నిటారుగా కూర్చుంది. అందరిముందూ ఎలా చెప్పడం? టోపీ పెట్టేముందు చెప్పొచ్చులే అనుకుంది.

నాలుగో టోపీ పెట్టేముందు కొలతాయన అక్కడే నిలబడి గట్లకు పట్టిన బూజు గురించి ఉపన్యాసం ఇచ్చాడు. ఆయన వెళ్ళేసరికి పదిహేనో పాయ గాడిలో పడింది. మూడు గంటలవుతుండగా పైడొప్ప మూసుకుంది. మీట నొక్కిన చప్పుడు వినిపించింది. నెత్తిమీద వేడి మొదలైంది.

టిక్కుమనలేదు.

గడ్డం కింద గాలి తగులుతోంది. పంతొమ్మిదేళ్ళలో టోపీ వేడెక్కాక అక్కడ గాలి తగలడం ఇదే మొదలు. అక్క మర్చిపోయిందనుకుంది. గుర్తుచేద్దామని వేలు ఎత్తింది కూడా. ఇంతలో దువ్వెనక్క వెనకనుంచి నడిచి ముందుకొచ్చింది. నీళ్ళ బేసిన్‌కు ఆనుకుని నిలబడి, పని చేస్తున్నంతసేపూ పెదవుల మధ్య పట్టుకున్న నల్ల హెయిర్‌పిన్ను తీసి బేసిన్ అంచున పెట్టింది.

“నాలుగింటికి బస్సు,” అంది. “వస్తావా?”

తలమ్మ వేలు కుర్చీచేతిమీద వాలబోయింది. దువ్వెనక్క ఆ వేలిమీద తన చెయ్యి వేసి ఆపేసింది.

“వేళ్ళతో వద్దు. వేళ్ళు కంపెనీ లెక్క. నాకు తలతో చెప్పు. పట్టీ పెట్టలేదు చూసుకో. వంకీలు చెదిరితే చెదరనీ, నేను పడతాలే మాటలు. ఊపు చాలు.”

వెళ్ళాలని ఉంది. ఆమెకు ఇంత గట్టిగా ఏదీ ఎప్పుడూ ఉండలేదు. అవుననే మాట కడుపులోంచి లేచి, గుండె దాటి, గొంతు దాటి మెడ దగ్గరికొచ్చి ఆగిపోయింది. పద్దెనిమిది పాయలు గుర్తొచ్చాయి. బూజు గుర్తొచ్చింది. ఇంత జరుగుతుంటే ఆ దుప్పట్లు చాకిరేవుకు ఎవరిస్తారన్న దిక్కుమాలిన ఆలోచన ఒకటి వచ్చింది. ఊపు, ఊపు అని తనను తానే తిట్టుకుంది. మెడ ఆమె మాట వినలేదు. అది ఎప్పుడో వేరేవాళ్ళ మాట వినడం నేర్చుకుంది.

దువ్వెనక్క తొందరపెట్టలేదు. కళ్ళలోకి చూస్తూ చాలాసేపు నిలబడింది. తలమ్మ కళ్ళవెంట నీళ్ళు బొటబొటా కారాయి. అది ఏడుపు. కానీ టోపీ వేడికి ఆ కళ్ళు రోజూ కారేవే. దువ్వెనక్క అలవాటు ప్రకారం తువ్వాలు కొసతో మెల్లగా ఒత్తింది.

“సరేలే,” అంది. “నిన్ను లాక్కుపోవడం నాకిష్టం లేదు. అందరూ నిన్ను అటూ ఇటూ లాగినవాళ్ళే. నువ్వు వద్దంటే వద్దు.”

తరువాత వంగి, వాచిన మణికట్టుతో తడుముకుంటూ పట్టీ అందుకుంది. “ఉద్యోగమన్నా నిలవాలిగా నీకు,” అని గడ్డం కింద బిగించింది. టిక్కుమంది. టోపీ అంచు కింద నుదుటిమీద ఒకసారి అరచెయ్యి ఆనించి, తన చేతిసంచీ తీసుకుని వెనక్కి నడిచింది. చెప్పుల చప్పుడు గుమ్మం దాకా వినిపించింది, ఆ తరువాత వరండాలో, ఆ తరువాత మెట్లమీద. తల తిప్పి చూడడానికి లేదు.

మూడున్నరకు కొలతాయన వచ్చి టోపీ తీశాడు. స్కేలు పెట్టి ఒక్కొక్క పాయా కొలిచాడు. ఆయన మొహం వెలిగిపోయింది.

“పన్నెండుకి పన్నెండు! అచ్చు గుద్దినట్టున్నాయి. ఒక్క పాయ కూడా జరగలేదు. ఇన్నేళ్ళలో ఇంత బాగా ఎప్పుడూ పడలేదు తెలుసా?”

పుస్తకంలో రాసుకుంటూనే అన్నాడు. “దువ్వెనక్క వెళ్ళిపోయింది గదా. ఇకనుంచి ప్యాకింగులో ఉండే ఆవిడ దువ్వుతుంది. నీకేం ఇబ్బంది లేదుగా?”

తల ఊగలేదు.

“మంచిది,” అని అదీ రాసుకున్నాడు.

అందరూ అంతే. అన్నయ్య, వదిన, యజమాని, ఈ కొలతాయన, అందరూ ఆమె ఊరుకుంటే అవునన్నారు. ఆమె అవునని చెప్పాలని చచ్చేంత కోరుకున్న ఒక్కసారి, అడిగింది మాత్రం ఆమె మౌనాన్ని గౌరవించిన మనిషి. ఆ సంగతి తలమ్మకు అప్పుడే, జుట్టు భుజాలమీద పన్నెండేసి వంకీలతో వేలాడుతుండగా అర్థమైంది. గడియారం నాలుగుకు పాతిక నిమిషాలు తక్కువ చూపిస్తోంది. బస్టాండు నడిచి వెళితే పదిహేను నిమిషాలు. పరుగెత్తితే ఇంకా తక్కువ. సంచీలోంచి దుప్పట్లు తీసి ఇక్కడే పడేయొచ్చు. తీయకపోయినా ఫరవాలేదు, సముద్రం దగ్గర దుప్పట్లు ఉతుక్కోవచ్చు.

లేచి నిలబడింది. నిజంగానే లేచింది. రెండడుగులు కూడా వేసింది.

ప్యాకింగావిడ అయిదో టోపీ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. “ఎక్కడికో బయల్దేరినట్టున్నావ్, కూర్చోవా? నాకు ఇది మొదటిసారి, నువ్వే ఓర్చుకోవాలి,” అంది మంచిగా. మంచిగా అన్నందుకే ఆమెను కాదనడం కష్టమైపోయింది. ఈ ఒక్క టోపీ అయ్యాక వెళదాం అనుకుంది తలమ్మ. నాలుగు గంటల బస్సు అయిదో టోపీ అయ్యేదాకా ఆగదని తెలిసి కూడా అలాగే అనుకుంది. వంకీలు కడిగించుకుని వచ్చి కుర్చీలో నిటారుగా కూర్చుంది.

కొత్త చేతులు పాయలను గట్టిగా లాగుతున్నాయి. ఎదురుగా బేసిన్ అంచున, నోటితడి ఆరిపోయి, పంటిగాట్లు పడ్డ నల్ల హెయిర్‌పిన్ను పెట్టినచోటే ఉంది.