పద్లూని అడిగారా

మా నాన్న హోండా మీద మేం ఏడుగురం ఎక్కేవాళ్ళం. ఇప్పుడు చెబితే మా ఆయన నమ్మడు. ముందు ట్యాంకు మీద తమ్ముడు, వాడి వెనక నాన్న, నాన్న నడుం పట్టుకుని నేను, నా వెనక చెల్లెళ్ళిద్దరు, అందరి వెనకా సామాన్లు కట్టుకునే ఇనప చట్రం మీద అమ్మ. అమ్మ అమౌతి కోటుకి వీపున ఉండే పెద్ద టోపీలో చంటిది. అమ్మ ఎప్పుడూ వెనక్కి తిరిగే కూర్చునేది. మేమంతా పోయే దారి చూస్తుంటే తను వచ్చిన దారి చూస్తుండేది. "ఎవరైనా రాలిపోతే తెలియాలిగా" అనేది.

హోండా అంటే రెండు చక్రాలది కాదు. నాలుగు లావుపాటి టైర్లు, కాళ్ళు చెరో పక్కా వేసుకుని కూర్చునే పొడుగు సీటు, సైకిలుకి ఉన్నట్టు హ్యాండిలు. ఏ కంపెనీదైనా, కెనడా ఉత్తరపు కొసన ఉన్న మా కిమ్మిరుట్‌లో అన్నీ హోండాలే. ఊరి చివర రోడ్డు ఆగిపోతుంది, ఆ తర్వాత రాళ్ళూ నాచూ. మంచున్నన్నాళ్ళూ మంచుబండి, మంచు కరిగాక హోండా. అదీ లేకపోతే కాళ్ళు.

నాన్న హోండా ఎర్రది. నోట్లో ఎండబెట్టిన కారిబూ దుప్పి మాంసం ముక్క పెట్టుకోకుండా ఏనాడూ ఇంజను తాడు లాగేవాడు కాదు. "నేను నమలడం మొదలెడితేనే ఇది కదుల్తుంది" అనేవాడు. మేం నిజమనుకునేవాళ్ళం. తమ్ముడైతే బండి మొరాయించినప్పుడల్లా అమ్మ సంచీలోంచి మాంసం ముక్క తీసి పరిగెత్తుకొచ్చేవాడు. ఆగస్టు చివర కొండ అవతలి లోయలో అక్పిక్ పళ్ళు నారింజ రంగుకి తిరిగేవి. పొద్దున్నే పోతే మూతులన్నీ పసుపు చేసుకుని, అమ్మ చేసిన బానక్ రొట్టె అయిపోయేదాకా అక్కడే ఉండేవాళ్ళం. వచ్చేటప్పుడు నాన్న వీపుకి చెంప ఆనిస్తే ఇంజను చప్పుడు ఆయన ఒంట్లోంచి వినిపించేది. దాని మీదే నిద్రపోయేదాన్ని.

ఆ హోండా ఆ లోయ వాలులోనే బోల్తా కొట్టింది. కుడి పక్కన వదులు రాళ్ళున్న చోట. నాన్న ఒక్కడే ఉన్నాడు. భుజం ఎముక విరిగినా నడిచి ఇంటికొచ్చాడు. బండి అక్కడే పడుంది. ఆ చలికాలం పాత ఊపిరితిత్తుల జబ్బు తిరగబెట్టి నాన్న పోయాడు. దానికీ బండికీ సంబంధం లేదన్నారు నర్సులు.

ఆయన పోయిన ఏడాదిన్నరకి, ఎండాకాలంలో నాకు కొడుకు పుట్టాడు. వాణ్ణి చేతుల్లోకి తీసుకోగానే అమ్మ "వచ్చావా, పద్లూ" అంది. అది నాన్న పేరు. పోయినవాళ్ళ పేరు పెట్టుకుంటే వాళ్ళే మళ్ళీ వచ్చినట్టు మాకు. వరసలు కూడా వాళ్ళవే వస్తాయి. అమ్మ మనవణ్ణి "ఏమయ్యా" అంటుంది, బయటివాళ్ళతో "మా ఆయన" అంటుంది. నేను "నాన్నా" అనాలి. మా మేనమామ మోసెసీకి వాడు బావ. నాన్నతో ఎంత ఎకసెక్కాలాడేవాడో వీడితోనూ అంతే. "ఏం బావా, ఇంకా పళ్ళు రాలేదా, పోయినసారి పోగొట్టుకున్నవి ఎక్కడ పెట్టావో వెతుక్కో" అంటాడు. మా ఆయన తెమెలా మాత్రం మామగారన్న బెరుకుతో నలుగురిలో వాణ్ణి ఏ పేరూ పెట్టి పిలవడు. ఇంట్లో మేమిద్దరమే ఉన్నప్పుడు "చిన్నోడా" అంటాడు. వింటూ వింటూ నాకూ అదే అలవాటైంది.

నాన్న పోయాక అమ్మ లోయకి పోలేదు. మోకాళ్ళు పట్టేశాయి, అంత దూరం నడవలేదు. ఎవరి హోండా వెనకైనా ఎక్కమంటే ఎక్కదు. మా పక్క ఇంట్లోనే తమ్ముడి దగ్గర ఉంటుంది, కిటికీ ముందు కూర్చుని కొండ చూస్తూ. చుట్టాలు డబ్బాలో పళ్ళు తెచ్చిస్తే మంచిదంటూ తీసుకుని ఇంకొకళ్ళకి ఇచ్చేసేది. రెండు శరత్కాలాలు అలా పోయాయి. మనిషి కుర్చీలోకి ఇంకిపోతున్నట్టుండేది. నాకు మొదట్నుంచీ భయం ఎక్కువ. చిన్నోడు తుమ్మితే భయం, ఎక్కువసేపు నిద్రపోతే భయం. వాటికి తోడు ఇదొకటి, అమ్మ ఇంకో చలికాలం ఆ కుర్చీలోనే గడిపితే మళ్ళీ లేస్తుందా అని.

ఒకరోజు తెమెలాతో అన్నాను. "నాన్న బండి బాగుచేస్తే ఎక్కుతుందేమో."

"అది బండా? ఇనప్పీనుగు."

"కొత్తది కొనగలమా?"

తెమెలా నీళ్ళ లారీ మీద పనిచేస్తాడు, అదీ రోజూ ఉండదు. టీ తాగేసి లేచాడు. ఆ వారమే, మంచు ఇంకా గట్టిగా ఉండగానే, మోసెసీ మామ దగ్గర మంచుబండి అడిగి తెచ్చి, నాన్న బండిని మంచు మీద జారే స్లెడ్జికి కట్టి లాక్కొచ్చాడు.

వసారాలో పట్టలేదు. సగం బండి వంటింట్లోకి వచ్చింది. ముందు ఎడమ చక్రం పట్టుకునే చెయ్యి వంగిపోయి ఉంది. హ్యాండిలు ఒక పక్కకి ఒరిగిపోయింది. మడ్‌గార్డులు ముక్కలు. సీటు విప్పితే లోపల లెమ్మింగ్ ఎలుకల గూడు, అందులో నాన్న పాత చేతితొడుగు దూది. అది చూసి నేను కాసేపు బయటికి వెళ్ళి నించున్నాను.

ఇంజను అట్టపెట్టె మీద పరిచాడు. ఒకటే పెట్రోలు కంపు. కిటికీలు తీస్తే చలి, మూస్తే తలనొప్పి. నట్లు మింగుతాడని వంటింటికి అడ్డంగా బల్ల పెట్టి చిన్నోణ్ణి అవతలి గదిలో ఉంచేశాను. వాడు బల్ల కాళ్ళ మధ్యనుంచి చేతులు చాపి ఏడిచేవాడు.

"రానివ్వవే, చూస్తాడు" అనేవాడు తెమెలా.

"చూపుతో ఆగుతాడా? నిన్న నా దువ్వెన మింగబోయాడు."

డబ్బు పెట్టి కొన్నది చాలా తక్కువ. మిగతాదంతా ఊళ్ళో దొరికిందే. ఊరి చెత్తకుప్పలో ఇనప సామాన్ల వైపు వెతికితే అలాంటిదే ఇంకో బండి ఎముకల్లా పడుంది, దాని ముందు చెయ్యి పనికొచ్చింది. ఆ చెయ్యి కీలులో రబ్బరు చెడిపోతే, స్లెడ్జి పట్టాల కింద వేసే తెల్ల ప్లాస్టిక్ ముక్క మిగిలింది తీసుకుని తెమెలా గుండ్రంగా చెక్కాడు. కార్బొరేటరు బెజ్జంలో గడ్డకట్టిన పాత పెట్రోలుని గిటారు తీగతో పొడిచాడు. మోసెసీ మామ రోజూ వచ్చి కుర్చీలో కూర్చుని తప్పులు పట్టేవాడు.

"అల్లుడూ, ఆ బోల్టు తిరగేసి పెట్టావు."

"లేదు మామా."

"సరే, చక్రం ఊడి సముద్రంలో పడ్డాక ఈదుకుంటూ పోయి చూద్దాం."

బోల్టు తిరగేసే ఉంది.

మడ్‌గార్డులు నా పని. పగిలిన అంచుల వెంట వేడి మేకుతో బెజ్జాలు పొడిచి, చేపలు పట్టే తాడుతో తోలు చెప్పులు కుట్టినట్టు కుట్టాను. ఒకరోజు వాకిట్లో కూర్చుని కుడుతుంటే అమ్మ కర్ర పట్టుకుని చర్చికి పోతూ ఆగింది. ఈ ఊళ్ళో అమ్మలా కుట్టేవాళ్ళు లేరు. నా కుట్లు వంకర. అమ్మ చెయ్యి కొంచెం ముందుకొచ్చింది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తీసుకుని, మొహం తిప్పుకుని పోయింది.

ఆ మొహం తిప్పుకోవడం నాకు అర్థం కాలేదు. నాన్న పడిన బండి కాబట్టి అసహ్యమనుకున్నాను.

ఆగస్టులో బండి పలికింది. తెమెలా తాడు లాగీ లాగీ చొక్కా విప్పేశాక, దగ్గి, నల్లటి పొగ వదిలి, నిలదొక్కుకుంది. అదే చప్పుడు. నాకు వీపుకి చెంప ఆనించిన వెచ్చదనం గుర్తొచ్చింది. చుట్టుపక్కల వాళ్ళంతా బయటికొచ్చారు. మోసెసీ మామ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. పక్కింటి కిటికీ వైపు చూశాను. అమ్మ లేచి నించుంది. చూసింది. తెర లాగేసింది.

అప్పటికే పళ్ళు మెత్తబడుతున్నాయి. కొండ మీద పొద్దున పూట తెల్లగా మంచు పొడి కనిపిస్తోంది. ఒక్క గట్టి మంచు పడితే ఆ ఏడాదికి అయిపోయినట్టే. చిన్నోణ్ణి చంకనేసుకుని అమ్మ దగ్గరికి వెళ్ళాను.

"రేపు లోయకి పోదామమ్మా."

"మీరు పొండి."

"నీ కోసమేగా ఇదంతా."

"ఎవరి బండి అది?"

"నాన్నది."

"మరి మీ నాన్నని అడిగారా?"

నేను గోడ మీది ఫోటో వైపు చూశాను. అమ్మ చూపు అటు లేదు. నేల మీద కూర్చుని నా బూటు తాడు చప్పరిస్తున్న వాడి మీద ఉంది.

"మంచులోంచి లాక్కొచ్చారు" అంది అమ్మ. గొంతు పెంచలేదు. "విప్పారు. చెత్తకుప్పలో ఇనుము తగిలించారు. ఒక్కరైనా, ఏమయ్యా, నీ బండి మేం తీసుకోవచ్చా అన్నారా? అడగలేదు సరే. బల్ల అడ్డం పెట్టి ఆయన్నే ముట్టుకోనివ్వలేదు. గోడ అవతల్నుంచి ఆయన ఏడుపు నాకు వినిపిస్తూనే ఉంది."

వంగి వాడి నోట్లోంచి బూటు తాడు తీశాను. చిన్నోడా, చిన్నోడా అని పిలుస్తూ వాడెవరో మర్చిపోయాం.

మోసెసీ మామకి చెబితే నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "నేనూ అడగలేదే. వెనకటికి చెప్పకుండా రంపం తీసుకెళ్ళానని ఏడాది మాట్లాడలేదు నాతో."

ఆ సాయంత్రం బండి వాకిట్లో పెట్టాం. అమ్మ మెట్ల మీదకొచ్చి నించుంది. నేను వాణ్ణి సీటు మీద కూర్చోబెట్టి రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాను. తెమెలా ముందుకొచ్చి, నీళ్ళ లారీ ఆఫీసులో సెలవడిగేటప్పటి మొహం పెట్టి, నేల చూస్తూ అన్నాడు.

"మామా. మీ బండి అడక్కుండా తీశాను. తప్పయింది. అత్తని లోయకి తీసుకెళ్దామని. మీకిష్టమైతేనే."

పద్లూ కెవ్వున ఏడుపు అందుకున్నాడు. ఒళ్ళంతా విల్లులా వంచేశాడు.

"ఒద్దంటున్నాడు" అన్నాడు తెమెలా, పాలిపోయి.

"బావ అలిగితే అంతే" అన్నాడు మోసెసీ మామ. కానీ నవ్వలేదు.

నేను వాణ్ణి ఇంకా గట్టిగా పట్టుకున్నాను. అమ్మ మెట్లు దిగి వచ్చింది. "ఊపిరాడకుండా పట్టుకుంటే ఏం చెబుతాడే. వదులు."

"పడిపోతాడమ్మా."

"ఆయన బండి మీద ఆయన పడడు. వదులు."

ఈ బండి మీదనుంచే పడ్డాడు కదా అని నోటిదాకా వచ్చింది. అమ్మకి తెలీదా? తెలిసే అంటోంది. నా వేళ్ళు ఒకటొకటే తీశాను.

ఏడుపు ఆగింది. వాడు అటూ ఇటూ చూశాడు. ట్యాంకు మీద రెండు చేతులూ వేసి ముందుకి వంగి, హ్యాండిలు రబ్బరు నోట్లో పెట్టుకుని, ఉన్న నాలుగు పళ్ళతోనూ నమలడం మొదలెట్టాడు.

అమ్మ నోటికి కొంగులా శాలువా అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. భుజాలు ఊగుతున్నాయి. నవ్వుతోంది.

"నమలందే కదలడుగా" అంది. "ఎండు మాంసం ఇవ్వండి ఆయనకి. రబ్బరు తింటున్నాడు, పాపం." తర్వాత నా వైపు తిరిగింది. "ఆ మడ్‌గార్డు ఎవరు కుట్టింది? కళ్ళు మూసుకుని కుట్టినా అంతకన్నా బావుంటుంది. సూది తే."

మరునాడు పొద్దున తెమెలా ఆ ప్లాస్టిక్ ముక్క ఎక్కువ బరువుకి ఆగదేమోనని తను రానన్నాడు. "నువ్వే నడుపు" అన్నాడు. నాన్నే నేర్పాడు నాకు. అమౌతి తొడుక్కుని పద్లూని వీపున టోపీలో వేసుకున్నాను. అమ్మ కర్రని చట్రానికి కట్టి, ఎవరి సాయమూ లేకుండా ఎక్కి, వెనక్కి తిరిగి కూర్చుంది. అమ్మ వీపుకీ నా వీపుకీ మధ్య వాడు.

కొండెక్కాక లోయ వాలు కనబడింది. కుడి పక్కన ఆ వదులు రాళ్ళు. ఒక ఎర్ర ప్లాస్టిక్ ముక్క ఇంకా వాటి మధ్య ఉంది. బండి ఆపేశాను. ఇంజను అలా కొట్టుకుంటూనే ఉంది.

వెనకనుంచి అమ్మ గొంతు వినిపించింది. నాతో కాదు.

"ఆ రోజు ఎడమ పక్కనుంచి పొమ్మంటే విన్నావా? కుడి పక్కే దగ్గర దారన్నావు. ఇప్పుడైనా నా మాట విను."

పద్లూ ఏదో అన్నాడు, నోటినిండా మాంసం ముక్కతో.

"ఆఁ" అంది అమ్మ. "అలాగా. పోనివ్వవే, ఎడమకి."

నేను ఎడమకి తిప్పాను.