గన్నేరు నానిన నీళ్లు

బబ్లూ మూతికి అంటుకున్న గులాబీరంగు రేకును కమలకుమారి చీర కొంగుతో తుడిచేసింది. ఆలోచించి చేసిన పని కాదు. చేశాక మాత్రం, ఎందుకు చేసిందో ఆమెకే తెలిసిపోయింది.

శివరాత్రి వెళ్లి పది రోజులు. నాచారంలో ఎండ ముదురుతోంది. ఇంటి ముందు గన్నేరు విరగబూసింది. ఇల్లు చంద్రయ్యది. మేడ మీద కమలకుమారి అద్దెకుంటుంది, బడిలో జీవశాస్త్రం చెబుతుంది. కిందటేడు ఆయన బబ్లూను కుక్కపిల్లగా ఇంటికి తెచ్చిన రోజే, "గన్నేరు ఆకు నమిలినా ప్రాణం మీదికొస్తుందండి, చుట్టూ కంచెలా జాలీ కట్టించండి" అంది. ఆయన మర్నాడే కట్టించాడు.

తన భర్త పోయాక, అతను చేసే శివపూజ కమలకుమారి చేతికొచ్చింది. పూజ చేసిన గన్నేరు పూలను ఎవరూ తొక్కకూడదు, చెత్తబండిలో వేయకూడదు. నీళ్లలో వేసి ఉంచి, ఆదివారం మొక్కల మొదట్లో పోసేది. ఇన్నాళ్లూ పైన ఒక గిన్నె సరిపోయేది. శివరాత్రికి పూలు ఎక్కువై, గిన్నె బదులు పెట్టిన బేసిను మెట్ల కిందికి చేరి అక్కడే ఉండిపోయింది. ఆకు విషమని చెప్పిన మనిషికి, పూలు నానిన నీళ్లూ విషమేనని తోచలేదు. దేవుడి పూలు కదా.

బబ్లూ కక్కుకుంటూ తూలుతుంటే చంద్రయ్య వెళ్లి ఎదురింటి గేటు బాదాడు.

"పరంధామయ్యా! బయటికి రా! మొరుగుతున్నదని మటన్ల మందు గలిపి పెట్టినవా?"

పెద్దాయన లుంగీ సర్దుకుంటూ వచ్చాడు. "నీ కుక్కకు మటనా? ఆదివారం పూట నాకే వంకాయ దిక్కు! పిచ్చి లేసిందా నీకు?"

"దీని నోరు మూయిస్తనని నిన్న ఎవరన్నరు?"

"గొలుసు కట్టమన్న. సంపుతనన్ననా?"

గల్లీ అంతా బయటికొచ్చి చూస్తోంది. "ఆటో పిలుస్తాను" అని మాత్రం అంది కమలకుమారి.

ఉప్పల్ మెట్రో స్టేషన్ కింద ఆటో కదలడం లేదు. స్టేడియంలో మ్యాచ్ ఉంది. బబ్లూ తల ఆమె ఒళ్లో ఉంది. చెప్పాల్సిన వాక్యాన్ని మనసులో రెండుసార్లు దిద్దుకుంది. అంతలో చంద్రయ్యే ఆమెను ఓదార్చాడు.

"ఏడువకున్రి టీచరమ్మా. మీరు జెప్పినట్టే జాలీ కట్టించిన. చెట్టుది కాదు గిది, మనిషి పనే."

దిద్దుకున్న వాక్యాన్ని ఆమె పక్కన పెట్టేసింది.

పశువుల దవాఖానాలో డాక్టర్ చంద్రిక స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది.

"పురుగుల మందు పెట్టిన్రు మేడం" అన్నాడు చంద్రయ్య.

"అలా లేదే. గుండె లయ తప్పింది. ఇంట్లో ఏం మొక్కలున్నాయి?"

"గన్నేరున్నది. దానికి జాలీ ఉన్నది."

"గన్నేరుపూలు నానిన నీళ్లు తాగిందండి" అంది కమలకుమారి. "బేసిను పెట్టింది నేనే. మూతికి రేకు ఉంటే తుడిచిందీ నేనే."

"ఎంతసేపైంది?"

"గంట దాటింది."

"మీకు అప్పుడే తెలుసా?"

"తెలుసు."

డాక్టర్ సెలైన్ ఎక్కించింది, సూదులు వేసింది. మధ్యాహ్నం మూడు గంటలకు బబ్లూ పోయింది.

బయట బెంచీ మీద చంద్రయ్య నేల చూస్తూ కూర్చున్నాడు.

"నన్ను తిట్టండి చంద్రయ్యగారూ."

"ఏమని తిట్టాలె? తెల్వక పెట్టిన్రు. గది నాకు సమజైంది." తలెత్తి ఆమెను చూశాడు. "ఆటోల ఎందుకు చెప్పలే?"

"సిగ్గేసింది."

"నీ సిగ్గుకు దాని పానం..." అని ఆపేశాడు. ఎప్పుడూ 'మీరు' తప్ప అనని మనిషి. "గల్లీ ముంగట పెద్దాయన్ను కసాయోణ్ణి జేసిన. ఇంక ఏ మొకం పెట్టుకొని పోవాలె?"

"నేనొచ్చి చెబుతాను."

నాచారం చేరేసరికి పొద్దు వాలుతోంది. ఆమె గేటు తట్టకముందే పరంధామయ్య తలుపు తీసుకుని వచ్చాడు. ఎప్పటినుంచి కాచుకుని కూర్చున్నాడో.

"ఎట్లున్నదమ్మా? బతికిందా?"

ముప్పై ఏళ్లుగా పిల్లల ముందు నిలబడి మాట్లాడిన కమలకుమారికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. చివరికి "నేనే" అంది. తర్వాత మిగతాది చెప్పింది, గల్లీలో ఆగి వింటున్నవాళ్లకు కూడా వినిపించేలా.

చంద్రయ్య ఆమె పక్కకు రాలేదు. రెండడుగులు వెనకే నిలబడ్డాడు.