మండలి మనిషి

“పాప క్లాసులో ఉన్నంతసేపూ నువ్వేం చేస్తుంటావ్?” అని చొక్కాలో చేతులు దూర్చుకుంటూ అడిగాడు భర్త. ఆ చొక్కా అప్పుడే ఇస్త్రీ చేసిచ్చి, ఆమె రెండోదాని కాలరు మీద నీళ్ళు చల్లుతోంది. “ఏముంది, కింద బెంచీ మీద కూర్చుంటాను,” అంది. “రెండు గంటలూనా? పెట్టిపుట్టావ్. కూర్చునే తీరిక నాకూ ఉంటే బావుణ్ణు,” అన్నాడు. “దానికి ఇంటిపట్టున కాలు నిలవదురా,” అని పక్కగదిలోంచి అత్తగారు తన వంతు అందించింది. తెల్లారకముందే లేచి, ఇంటిల్లిపాదికీ వండి, డబ్బాలు కట్టి, ఆఫీసుకి పోయి, తను రాసిన రిపోర్టుని పక్క సీటాయన తనదిగా చదువుతుంటే తలూపి, సాయంత్రం వచ్చి మళ్ళీ పొయ్యి వెలిగించే మనిషికి కాలు నిలవకపోవడం వింతేమీ కాదు. ఆ మాట ఆమె మనసులోనే అనుకుంది. ఇంట్లో ఆమె అనుకునేవన్నీ మనసులోనే.

నిజానికి ఆమె బెంచీ మీద కూర్చోదు. శనివారం మధ్యాహ్నం పాపని కంప్యూటర్ క్లాసులో దింపి, అదే భవనంలో పై అంతస్తుకి దొంగలా మెట్లెక్కుతుంది. అక్కడ లైబ్రరీ వెనకగదిలో పదిమంది ఆడవాళ్ళు చేరి క్రోషే అల్లుకుంటారు. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ వాళ్ళకి పెద్ద దిక్కు. నోటికి అడ్డూ ఆపూ లేని నర్సు వాళ్ళకి కాలక్షేపం. ఆ గదిలో ఎవరూ ఆమెని మంచినీళ్ళు అడగరు, ఉప్పు తక్కువైందనరు. తన చేతులు తనకోసం కూడా కదులుతాయని ఆమెకి తెలిసింది అక్కడే. కాకపోతే ఐదుకి పది నిమిషాలుండగా అల్లిందంతా ఊడదీసి, ఊలు ఉండ చుట్టి, బీరువాలో పడేసి వెళ్ళిపోతుంది. ఇంటికి తీసుకెళ్తే ఇదెప్పుడు చేశావని అడుగుతారు. అందుకే ఎనిమిది నెలలైనా ఆమె అల్లింది ఒక్క రుమాలూ లేదు. వాళ్ళంతా ఆమెని ఐదింటావిడ అని ఏడిపించేవాళ్ళు. ఆ ఏడిపించడం కూడా ఆమెకి ఇష్టంగానే ఉండేది.

పోయిన నెల ఆ గది గుమ్మం ముందు రెండు సంచుల నీలం, పసుపు ఊలు కనపడింది. పంపిందెవరో తెలీదు. అడుగున ఒక కరపత్రం: ‘మనసు అప్పగించండి, బరువు దించుకోండి. శాంతి మండలి.’ అది చదివి అందరికీ గుండెల్లో రాయి పడింది. పక్కవీధిలో బొమ్మలేసుకునేవాళ్ళ క్లబ్బుని ఆ మండలి ఇలాగే మింగేసింది. ముందు ఉచితంగా రంగులు, తర్వాత ఉచితంగా హాలు, ఆనక ఇద్దరు ఆడపిల్లలు ఇల్లూ వాకిలీ వదిలేసి మండలివాళ్ళ బూడిదరంగు బట్టల్లో తేలారు. “మనకి సరిగ్గా నీలం, పసుపు అయిపోయాయని బయటివాళ్ళకెలా తెలుస్తుంది? మనలోనే ఎవరో చేరారు,” అంది నర్సు. అందరి చూపూ ఐదు కొట్టకముందే మాయమయ్యే ఐదింటావిడ మీద పడింది. ఆ తర్వాత ఆమె వచ్చి కూర్చుంటే పక్క కుర్చీలు కాస్త అటు జరిగేవి. ఆమెకి అన్నం సహించడం మానేసింది. ఉన్న ఒక్క గదీ పోతే ఇక వారంలో తనది అనుకోడానికి ఏం మిగుల్తుంది?

ఆ శనివారం ఆమె అడుగుపెట్టగానే మాటలు టక్కున ఆగిపోయాయి. హెడ్‌మిస్ట్రెస్ కళ్ళజోడు సవరించుకుని ఒక కాగితం విప్పింది. ఎవరో మనస్తత్వ డాక్టరు రాసిందట, మండలి చేతిలో చిక్కిన మనిషిని గుర్తుపట్టడం ఎలా అని.

“ఏమీ అనుకోకమ్మా, వెళ్ళగొట్టడానికి కాదు. ఉన్నదున్నట్టు చెప్పు. ఎక్కడికెళ్ళినా వాళ్ళకి చెప్పే వెళ్ళాలా?”

“చెప్పాలండీ.”

“ఫోన్ చూస్తారా?”

“రోజూ చూస్తారు.”

“అక్కడ చేరాక పేరు మార్చారా?”

“మార్చారండీ. అక్కడ పెద్దావిడదీ నా పాత పేరేనని.”

ఎవరో అయ్యో అన్నారు. పాత స్నేహితులు ఉన్నారా అంటే లేరంది. నిద్ర చాలుతుందా అంటే లేదంది. చేసిందంతా ఎందుకు ఊడదీస్తావంటే, “వాళ్ళు చూస్తే బావుండదండీ,” అంది. ప్రతి జవాబుకీ హెడ్‌మిస్ట్రెస్ పెన్సిలుతో టిక్కు పెడుతూనే ఉంది. చివరికి నర్సు ఉండబట్టలేక లేచి వచ్చి ఆమెని కావలించుకుంది.

“ఇంక చాలు, అడక్కండి మేడమ్. అమ్మాయ్, ఇవాళ నువ్వు అక్కడికి వెళ్ళొద్దు. మా మేడ మీద గది ఖాళీగా ఉంది, పాపని కూడా తెచ్చెయ్,” అని సంచిలోంచి తాళంచెవి తీసి ఆమె అరచేతిలో పెట్టి గుప్పిట మూసింది. “మా తమ్ముడు లాయరు, వాళ్ళ సంగతి వాడు చూసుకుంటాడు,” అంది హెడ్‌మిస్ట్రెస్. మిగతావాళ్ళు బట్టలు తెస్తామని ఒకరు, తోడు పడుకుంటామని ఒకరు ముందుకొచ్చారు. వెళ్ళొద్దు అనే మాట ఆమెతో ఇంతకుముందు ఎవరూ అనలేదు. పుట్టింటివాళ్ళు సైతం, “సర్దుకుపో తల్లీ,” అనే అన్నారు. ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది. ఇంత మంచివాళ్ళని మోసం చెయ్యకూడదనిపించింది.

“మండలీ లేదు, ఏమీ లేదండీ,” అంది కళ్ళు తుడుచుకుంటూ. “నేను చెప్పిందంతా మా ఇంటి సంగతి. మా ఆయన, మా అత్తగారు.”

నర్సు పకపకా నవ్వింది.

“ఓసి నీ దుంపతెగ, సంసారమా! ఎంత హడలగొట్టావే!”

గదంతా నవ్వులు. హెడ్‌మిస్ట్రెస్ పెన్సిలు గీతలు చెరిపి కాగితం మడత పెట్టింది. అపార్థం చేసుకున్నందుకు ఆమె చెయ్యి పట్టుకుని క్షమించమంది కూడా. “మా ఆయన మాత్రం తక్కువా, నేను ఊరెళ్తే గంటకోసారి ఎవరితో ఉన్నావో ఫొటో పెట్టమంటాడు,” అని ఒకావిడ మొదలెడితే, “మా ఇంట్లో నేను నిద్రపోతే ఇల్లు నిద్రపోయినట్టే,” అని ఇంకొకావిడ అందుకుంది. ఎవరి కథ వాళ్ళు చెప్పుకుని, కడుపుబ్బ నవ్వుకుని, మళ్ళీ ఊలు ఉండలు ఒళ్ళోకి లాక్కున్నారు. కుర్చీలు మళ్ళీ ఆమె దగ్గరికి జరిగాయి. శనివారాలు ఆమెకి దక్కాయి. ఆమె మాత్రం నవ్వే ఆ మొహాల్ని ఒక్కొక్కటిగా చూసింది.

“ఆ తాళంచెవి ఇలా ఇచ్చెయ్, మళ్ళీ మర్చిపోతాను,” అని నర్సు చెయ్యి చాపింది. ఔను, నేను మండలి మనిషినే అని ఒక్క మాట అనుంటే ఈ రాత్రి పాపా నేనూ ఆ గదిలో పడుకునేవాళ్ళం కదా అనుకుంటూ, ఆమె తాళంచెవి ఇచ్చేసింది.